పెట్టుడు గోళ్లు పది రోజులు నిలవాలంటే



పెట్టుడు గోళ్ల ప్యాకెట్టు విప్పితే లోపల సాధారణంగా ఐదు రకాల వస్తువులు కనిపిస్తాయి. చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా రకరకాల సైజుల్లో 24 ప్లాస్టిక్ గోళ్లు. వేలెడంత కూడా లేని జిగురు ట్యూబు. ఒక బుల్లి నెయిల్ ఫైల్. గోరు మొదట్లోని చర్మాన్ని వెనక్కి నెట్టడానికి ఒక చెక్క పుల్ల. స్పిరిట్‌తో తడిపిన చిన్న గుడ్డ. పెళ్లికో పేరంటానికో బయల్దేరే తొందరలో చేతులు నేరుగా గోళ్ల మీదికీ జిగురు మీదికీ వెళతాయి. మిగిలిన మూడూ డబ్బాతో పాటు చెత్తబుట్టలో పడతాయి. సాయంత్రం భోజనాల దగ్గర ఒక గోరు ఊడి విస్తట్లో పడితే నింద జిగురు మోస్తుంది. నిజానికి ఆ గోరు ఎన్నాళ్లు నిలవాలో చాలామటుకు తేల్చేవి చెత్తబుట్టలో పడిన ఆ మూడు వస్తువులే. మిగతాది తేల్చేది రోజువారీ పనుల్లో వేళ్లు మెలిగే తీరు.

బ్యూటీపార్లర్లో గంటల తరబడి కూర్చుని, వేలల్లో ఖర్చుపెట్టి చేయించుకునే గోళ్ల అలంకరణ అందరికీ అందేది కాదు. కాలేజీ అమ్మాయికీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన యువతికీ, పిల్లల పనితో తీరిక దొరకని తల్లికీ ఇంట్లోనే ముచ్చట తీర్చేవి ఈ పెట్టుడు గోళ్లు. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. జాగ్రత్తగా తీసి దాచుకుంటే ఒకే సెట్టు ఒకటి కంటే ఎక్కువ శుభకార్యాలకు పనికొస్తుంది. అందులో పెద్ద రహస్యాలేమీ లేవు. మన గోరు ఎలాంటిదో, జిగురు ఎందుకు పట్టుకుంటుందో, ఎందుకు వదిలేస్తుందో తెలిస్తే చాలు.

ఈ గోళ్ల చరిత్రలో ఒక దంతవైద్యుడున్నాడు. 1954లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫ్రెడ్ స్లాక్ అనే పళ్ల డాక్టరు గోరు పనిలో విరిగింది. పళ్ల పనికి వాడే యాక్రిలిక్‌తోనే ఆయన ఆ గోటికి కొత్త రూపం పోశాడు. పొడినీ ద్రవాన్నీ కలిపి పార్లర్లలో కట్టే యాక్రిలిక్ గోళ్లకు మూలం అది. ఇంట్లో అతికించుకునే గోళ్లది మరో దారి. ఇవి ఫ్యాక్టరీలో అచ్చు పోసినవి. ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పిల్లలు ఆడుకునే లెగో ఇటుకలు కూడా ఈ ప్లాస్టిక్‌తోనే తయారవుతాయి. గట్టిది, తేలికైనది, రంగు బాగా పట్టేది. దానికి పడనిది అసిటోన్. ఆ సంగతి గోళ్లు తీసేటప్పుడు అక్కరకొస్తుంది.

జిగురు కథ యుద్ధకాలంలో మొదలైంది. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త తుపాకుల గురిచూసే పరికరాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెతుకుతున్నాడు. సయనోఅక్రిలేట్ అనే పదార్థం చేతికొచ్చింది. అది ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోవడంతో పక్కన పెట్టేశారు. 1951లో మరో పరిశోధనలో అదే పదార్థం రెండు గాజు పట్టకాలను విడదీయలేనంతగా అతికించేసింది. అప్పుడు దాని విలువ తెలిసింది. 1958లో జిగురుగా మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ ఇళ్లలో వాడే సూపర్ గ్లూ, గోళ్ల ప్యాకెట్టులో వచ్చే జిగురు, రెండూ ఆ కుటుంబానివే. అయినా గోటికి వాడవలసింది గోళ్ల కోసం తయారుచేసిన జిగురే. చర్మానికి ఆనుకుని ఉండేది కనుక ఈ తేడా పాటించడం మంచిది.

ఈ జిగురుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. బిగుసుకోవడానికి దానికి వేడి అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు. తేమ కావాలి. గాలిలోనూ గోటి మీదా కంటికి కనిపించనంత తేమ ఉంటుంది, అదే చాలు. క్షణాల్లో అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడతాయి. అలా గట్టిపడ్డాక మాత్రం నీరే దాని పట్టును మెల్లమెల్లగా సడలిస్తుంది. వేడినీరైతే మరీ త్వరగా. ఇంకో బలహీనత కూడా ఉంది. నేరుగా లాగితే ఈ జిగురు గట్టిగా నిలబడుతుంది. ఒక అంచు పట్టుకుని ఎత్తితే మాత్రం పెళుసుగా విరుగుతుంది.

ఇక గోటి సంగతి. అర మిల్లీమీటరు మందం ఉండే గోరు కెరాటిన్ అనే ప్రోటీన్ పొరలతో ఏర్పడుతుంది. చూడటానికి గాజులా ఉన్నా నీటిని బాగానే పీల్చుకుంటుంది. తడిసినప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది, ఆరినప్పుడు కుదించుకుంటుంది. పైనున్న ప్లాస్టిక్ ఉబ్బదు, కుదించుకోదు. మధ్యలో ఉన్న పల్చటి జిగురు పొర ఈ రెండింటి మధ్యా నలుగుతుంది. చెమ్మగోడ మీద వేసిన సున్నం పెచ్చులూడినట్టు, రోజూ తడిసి ఆరే గోటి మీద అతుకు పట్టు తప్పుతుంది. నీటికి తోడు నూనె, దానికి తోడు కొస పట్టి మీటడం. పెట్టుడు గోరు ఊడిన చోట ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

అందుకే అతికించే ముందు చేసే పని అంత ముఖ్యం. ముందుగా చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. స్నానం నుంచి వచ్చిన వెంటనే అతికిస్తే గోరు ఇంకా ఉబ్బే ఉంటుంది. అది ఆరి కుదించుకునేసరికి అతుకు మీద ఒత్తిడి పడుతుంది. కాసేపు ఆగి మొదలుపెట్టడం మేలు. తర్వాత చెక్క పుల్లతో గోరు మొదట్లో పాకిన సన్నటి చర్మాన్ని సున్నితంగా వెనక్కి జరపాలి. ఆ చర్మం మీద జిగురు పడితే అక్కడి నుంచే గోరు లేవడం మొదలవుతుంది. చర్మాన్ని కత్తిరించకూడదు. గోటి మొదట్లోకి సూక్ష్మజీవులు పోకుండా కాపాడే అడ్డు అదే. ఆ తర్వాత గోటి మీది మెరుపు పోయేంత వరకు మాత్రమే నెయిల్ ఫైల్‌తో తేలిగ్గా రుద్దాలి. గట్టిగా అరగదీస్తే అతుకు బలపడదు, గోరు పల్చబడుతుంది. ప్లాస్టిక్ గోటి లోపలి వైపు కూడా ఒకసారి రుద్దితే పట్టు పెరుగుతుంది. చివరగా స్పిరిట్ గుడ్డతో తుడవాలి. చేతికి రాసుకున్న క్రీము, తలకు పెట్టుకున్న నూనె, వేళ్ల మీద ఉండే సహజమైన జిడ్డు, అన్నీ దాంతో పోతాయి. తుడిచాక గోటి మీద వేలు పెట్టకూడదు.

సైజు ఎంచుకోవడంలో ఓపిక కావాలి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే పెద్దది తీసుకుని పక్కలు అరగదీయడం మంచిది. చిన్నది పెడితే పక్కల్లో ఖాళీ మిగులుతుంది, అందులోంచి నీరు చేరుతుంది. కొందరి గోళ్లు చదునుగా ఉంటాయి, ప్లాస్టిక్ గోరు మాత్రం బాగా వంపు తిరిగి ఉంటుంది. బలవంతంగా అదిమితే అది తిరిగి తన వంపులోకి పోవాలని చూస్తూనే ఉంటుంది. దాన్ని వేడినీటిలో కొన్ని క్షణాలు ముంచి, మెత్తబడ్డాక కాస్త చదును చేసి, తుడిచి పూర్తిగా ఆరనిచ్చి వాడితే ఆ గొడవ ఉండదు. పది వేళ్లకూ సరిపోయేవి ముందే ఏరి వరసలో పేర్చుకోవాలి. జిగురు తీశాక వెతుక్కునే వ్యవధి ఉండదు.

జిగురు ఎక్కువైతే పట్టు ఎక్కువవుతుందనుకోవడం పొరపాటు. మందంగా వేసిన పొర లోపల సరిగా బిగియదు, పక్కలకు కారి చర్మానికి అంటుకుంటుంది. సొంత గోటి మీద ఒక పల్చటి పూత, ప్లాస్టిక్ గోటి లోపల ఒక చిన్న చుక్క చాలు. ముందు మొదలు వైపు ఆనించి, చర్మానికి తగలకుండా వెంట్రుకవాసి ఖాళీ వదిలి, తర్వాత కొస వైపు మెల్లగా వాల్చాలి. అలా వాల్చితే లోపలి గాలి బయటికి పోతుంది. గాలి బుడగ మిగిలితే రేపు అదే నీటిగుంట అవుతుంది. అరనిమిషం పాటు కదలకుండా అదిమిపట్టాలి. రెండు బొటనవేళ్లనూ ఆఖరికి ఉంచుకుంటే మిగతా వేళ్ల పని సులువవుతుంది. ఇదంతా రాత్రి పనులన్నీ అయ్యాక, పడుకునే ముందు చేసుకుంటే జిగురు బిగియడానికి తెల్లవార్లూ సమయం దొరుకుతుంది. పగలైతే కనీసం గంటా రెండు గంటలు నీటి జోలికి పోకూడదు.

జిగురు ట్యూబు విషయంలో ఒక హెచ్చరిక. ఈ జిగురు నూలు బట్ట మీద ఒలికితే రసాయన చర్య వేగంగా జరిగి చర్మం కాలేంత వేడి పుడుతుంది. ఇలా కాలిన గాయాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకని ఒడిలో పెట్టుకుని కాకుండా బల్ల మీద పని చేయాలి. ఒలికిన జిగురును దూదితో తుడవకూడదు. వేళ్లు అంటుకుపోతే లాగకుండా గోరువెచ్చటి సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. కంటి మందు సీసాల పక్కన ఈ ట్యూబును ఎప్పుడూ ఉంచకూడదు. ఒకదాన్ని మరొకటనుకుని కంట్లో వేసుకున్న ప్రమాదాలు ఎన్నో జరిగాయి.

గోళ్లు అతికాయి. ఇక్కడి నుంచి రోజువారీ శ్రద్ధ మొదలవుతుంది.

అన్నిటికంటే ముందు అంట్ల పని. వేడినీరు, జిడ్డు వదిలించే సబ్బు, గిన్నె అంచులు, పీచు, పెట్టుడు గోటికి పడనివన్నీ అక్కడే ఉన్నాయి. రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే గోళ్ల ఆయుష్షు కచ్చితంగా పెరుగుతుంది. బట్టలు ఉతకడానికీ, బాత్రూము కడగడానికీ అంతే. చేతులు కడిగిన ప్రతిసారీ గోటి కింద, పక్కల్లో తువ్వాలుతో అద్ది తడి తీసేయాలి. తలస్నానం చేసేటప్పుడు గోళ్లతో గీరకుండా వేలి మెత్తతో రుద్దుకోవాలి. గోటి అంచు కాస్త లేచి ఉన్నా వెంట్రుక అందులో ఇరుక్కుంటుంది, దాన్ని లాగితే గోరు కూడా వస్తుంది. తలకు నూనె పెట్టుకోవాలంటే గోళ్లు అతికించే ముందురోజే ఆ పని కానివ్వాలి, లేదా ఆ కాస్త పనీ ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పాలి.

వంటింట్లో చపాతీ పిండి కలపడం, పులిహోరకు చింతపండు పిసకడం, కొబ్బరి తురమడం గోళ్ల మీద బరువు వేసే పనులు. పిండి గోటి కింద చేరితే తీయడం కష్టం, శుభ్రతకూ మంచిది కాదు. పొయ్యి దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఈ ప్లాస్టిక్ మంటకు అంటుకునే రకం. పొడవాటి గోళ్లతో గ్యాస్ పొయ్యి వెలిగించేటప్పుడూ, దీపం వత్తి సరిచేసేటప్పుడూ వేళ్లు దూరంగా ఉండాలి. చేత్తో అన్నం తినే మన అలవాటుకు పొట్టి గోళ్లే నప్పుతాయి. ఆవకాయ నూనె, పప్పులోని పసుపు లేత రంగు గోళ్లకు పట్టేస్తాయి. తిన్న వెంటనే సబ్బుతో, మెత్తటి బ్రష్‌తో గోటి కిందవైపు కడగాలి. గోళ్ల మీద పారదర్శకమైన నెయిల్ పాలిష్ ఒక పూత వేసుకుంటే మరక నేరుగా ప్లాస్టిక్‌కు పట్టదు.

మీటే అలవాటు సంగతి చాలామంది గమనించరు. కూల్‌డ్రింక్ డబ్బా తెరవడం, స్టీలు డబ్బా మూత లాగడం, స్టిక్కరు గీకడం, సిమ్ కార్డు తీయడం, అన్నీ గోటి కొసతోనే చేసేస్తుంటారు. వేలి కొస దాటి 5 మిల్లీమీటర్లు ఉన్న గోటికీ, 15 మిల్లీమీటర్లు ఉన్న గోటికీ కొసన ఒకే దెబ్బ తగిలితే, పొడవు గోటి అతుకు మీద పడే ఒత్తిడి సుమారు మూడింతలు. మొదటిసారి పెట్టుకునేవాళ్లు పొట్టి, గుండ్రటి గోళ్లతో మొదలుపెట్టమని నిపుణులు చెప్పేది అందుకే. మూతలకు చెంచా కాడ, స్విచ్చులకూ ఫోనుకూ వేలి మెత్త వాడటం రెండు రోజుల్లో అలవాటవుతుంది.

గోటి అతుకు మీదే కచేరీ ఆధారపడ్డ కళాకారులు కూడా ఉన్నారు. క్లాసికల్ గిటార్‌ను గోళ్లతో మీటుతారు. గోరు విరిగితే పింగ్‌పాంగ్ బంతిలోంచి ముక్క కత్తిరించి, సూపర్ గ్లూతో అతికించుకుని, అరగదీసి కచేరీకి కూర్చోవడం వాళ్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ ముక్కను వాళ్లు వేలి కొస దాటి కొద్దిగానే ఉంచుతారు. తీగ లాగే ప్రతిసారీ అతుకు మీద మీట పడకుండా ఉండటానికి పొట్టితనమే రక్ష.

మన తెలుగు పెళ్లి ఈ గోళ్లకు అసలైన పరీక్ష. మెహెందీ రంగు ముదరాలని నీలగిరి తైలం రాస్తారు. మంగళస్నానానికి నలుగు, నూనె. ముహూర్త వేళ జీలకర్ర బెల్లం ముద్ద. తలంబ్రాల్లో పసుపు కలిపిన బియ్యం, అదీ రెండు దోసిళ్లతో, ఒకరికంటే ఒకరు వేగంగా. ఆపైన బిందె నీళ్లలో ఉంగరం వెతకడం, ఇరుకు మూతిలో రెండు చేతుల పెనుగులాట! జిడ్డు, నీరు, మీట, మూడూ ఒకే పూటలో ఎదురవుతాయి. కాబట్టి గోళ్లు మెహెందీ తర్వాత, మంగళస్నానం కూడా అయ్యాక అతికించుకోవాలి. అంతకుముందు సబ్బుతో, ఆపై స్పిరిట్‌తో తైలం జాడ పూర్తిగా తీయాలి. ఒక్కరోజు కోసమైతే రెండు వైపులా అంటుకునే స్టిక్కర్లు వాడొచ్చని అంటారు. ఫొటోలకు అవి బాగానే ఉంటాయి, సొంత గోటికీ సుఖం. నూనె, వేడినీరు తగిలితే మాత్రం త్వరగా జారిపోతాయి. పెళ్లికూతురికి జిగురే నయం. జిగురు ట్యూబు, ఫైల్, నాలుగు అదనపు గోళ్లు తోడిపెళ్లికూతురి చేతిసంచిలో ఉంటే మండపంలో కంగారు ఉండదు.

ఎంత శ్రద్ధ తీసుకున్నా ఏదో ఒక రోజు ఒక అంచు లేస్తుంది. అప్పుడు చాలామంది ఆ సందులోకి మరో చుక్క జిగురు వేసి అదిమేస్తారు. అది ప్రమాదకరమైన పని. ఆ సందులో అప్పటికే చేరిన తడి లోపలే బందీ అవుతుంది. చీకటి, వెచ్చదనం, తేమ ఉన్న చోట సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి గోటికి ఆకుపచ్చ రంగు తెస్తుంది. వైద్యులు దీన్ని గ్రీన్ నెయిల్ సిండ్రోమ్ అంటారు. లేచిన గోటిని పూర్తిగా తీసి, కింది గోరు కడిగి ఆరబెట్టి, అంతా శుభ్రంగా ఉంటేనే మళ్లీ అతికించాలి. ఆకుపచ్చగానో నల్లగానో కనిపించినా, నొప్పి ఉన్నా ఏ గోరూ పెట్టకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. వేళ్ల చుట్టూ దురద, ఎరుపు వస్తే జిగురు పడలేదని అర్థం చేసుకోవచ్చు. చేతులు ముఖాన్ని తాకుతూనే ఉంటాయి కనుక ఈ అలర్జీ కొందరికి కనురెప్పల మీద కూడా తేలుతుంది. అక్కడితో ఆపేయాలి.

ఎంత గట్టిగా అతికినా రెండు వారాలు దాటనివ్వకపోవడమే మంచిది. దానికి కారణం గోటిలోనే ఉంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే పది రోజుల్లో మొదట్లో ఒక మిల్లీమీటరు ఖాళీ వస్తుంది. పెట్టుడు గోరు ఆ మేరకు ముందుకు జరుగుతుంది, కొస బరువు పెరుగుతుంది, వెనక అంచు లేవడానికి సిద్ధమవుతుంది.

తీసే పద్ధతిలోనే సొంత గోటి ఆరోగ్యం ఉంది. పళ్లతో కొరికి లాగితే ప్లాస్టిక్‌తో పాటు కెరాటిన్ పొరలు కూడా లేచిపోతాయి. గోరు కాగితంలా పల్చబడుతుంది, దాని మీద తెల్లటి మచ్చలు పడతాయి. ఆ గోరు పూర్తిగా కొత్తగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అలా లాగకుండా, గోరువెచ్చటి సబ్బునీటిలో కొంచెం కొబ్బరినూనె వేసి పది పదిహేను నిమిషాలు వేళ్లు నానబెట్టాలి. చెక్క పుల్లతో పక్క అంచుల నుంచి మెల్లగా కదపాలి. కదలకపోతే మళ్లీ నానబెట్టాలి. అసిటోన్ జిగురును త్వరగా కరిగిస్తుంది, ప్లాస్టిక్ గోటిని కూడా కరిగిస్తుంది. మళ్లీ వాడదలచుకుంటే దాని జోలికి పోకూడదు. తీసిన గోళ్ల లోపలి పాత జిగురును ఫైల్‌తో గీకి, సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఏ వేలిదో లోపల అంకె వేసి డబ్బాలో దాచాలి. ఒకరి గోళ్లు ఒకరు పెట్టుకోకూడదు, అక్కాచెల్లెళ్లైనా సరే. కొత్త సెట్టు పెట్టుకునే ముందు సొంత గోళ్లకు కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చి, రాత్రిళ్లు కొబ్బరినూనె రాస్తే పెళుసుదనం తగ్గుతుంది.

కొందరు ఈ గోళ్లు అసలే పెట్టుకోకూడదు. రోగులను నేరుగా తాకే నర్సులు, డాక్టర్లు కృత్రిమ గోళ్లు ధరించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి చేతుల శుభ్రత మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. 1997-98లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో సూడోమొనాస్ వ్యాపించింది, అది సోకిన పసికందుల్లో 16 మంది చనిపోయారు. సిబ్బందిలో కొందరి పొడవాటి గోళ్లకూ కృత్రిమ గోళ్లకూ ఆ వ్యాప్తితో సంబంధం ఉండవచ్చని, అయితే అది రుజువు కాలేదని పరిశోధకులు చెప్పారు. బాలింతలు, పసిపిల్లలను ఎత్తుకునే అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గోటికి ఫంగస్ ఉన్నవాళ్లు అది తగ్గేదాకా ఆగాలి. మధుమేహం ఉన్నవాళ్లు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. ఆపరేషన్ ఉన్నవాళ్లు గోళ్లు తీసేసి వెళ్లాలి. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమీటరు గోటి గుండా వెలుతురు పంపి లెక్క చూస్తుంది. పైన ప్లాస్టిక్, రంగు ఉంటే ఆ లెక్క తప్పే అవకాశం ఉంది. పరీక్షలకో చికిత్సకో ఆస్పత్రికి బయల్దేరే ముందురోజే తీరిగ్గా నానబెట్టి తీసుకుంటే, అక్కడ ఎవరూ హడావిడిగా లాగే అవసరం రాదు.